లివర్ ఎటువైపు?

ఆంధ్రా మెడికల్ కాలేజీవారికి ఒక విన్నపం. మీది 1923 నుంచి ఉన్న కాలేజీ. అనుభవం లేదనడానికి లేదు. అయినా ఈనాటికీ పిల్లల చేత నాలుగున్నరేళ్లు చదివించి, ఆపైన ఇంకో ఏడాది కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) వార్డుల్లో తిప్పితే గానీ డాక్టరని ఒప్పుకోవడం లేదు. నేను ఫోన్లో ఆన్‌లైన్ కోర్సు పెట్టుకుని మానవ శరీరం మొత్తాన్ని ఆరు వారాల్లో పూర్తి చేశాను. అందులో ఒక వారం సంక్రాంతికి పోయింది.

లెక్క చెబుతాను. మొత్తం నలభై వీడియోలు, ఒక్కోటి తొమ్మిది నిమిషాలు. అంటే ఆరు గంటలు. ఒకటిన్నర స్పీడులో పెడితే నాలుగే. విశాఖలో రైలెక్కి ఫోన్ తెరిస్తే గోదావరి బ్రిడ్జి వచ్చేసరికి మనిషి అయిపోతాడు. మీ దగ్గర మొదటి సంవత్సరంలోనే శవాన్ని ముందు పెట్టి నరం నరం విడదీయిస్తారట. మాకు ఆ వాసన లేదు. ఉప్మా తింటూ ఊపిరితిత్తులు చదివాను.

పరీక్ష లేదనుకునేరు, ఉంది. వారానికి అయిదు ప్రశ్నలు, మూడేసి అవకాశాలు. మొదటిసారి తప్పేదో తెలుస్తుంది, రెండోసారి ఒప్పు తెలుస్తుంది, మూడోసారి విజ్ఞానం కలుగుతుంది. అన్నిటికంటే పొడుగ్గా ఉన్న జవాబే సరైనదన్న సంగతి నాకు రెండో వారానికే పట్టుబడింది. అక్కణ్నుంచి ప్రశ్నలు చదవడం మానేశాను.

మూడో వారం కిడ్నీలు. రెండూ కలిసి రోజుకి 180 లీటర్లు వడకడతాయని మాస్టారు చాలా మామూలుగా చెప్పేసి తర్వాతి బొమ్మకి వెళ్లిపోయారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. 180 లీటర్లంటే మన ఇళ్లకొచ్చే ఇరవై లీటర్ల వాటర్ టిన్నులు తొమ్మిది! నేను తాగేది గట్టిగా రెండు లీటర్లు. మిగతా నీళ్లు లేక నా కిడ్నీలు ఇన్నేళ్లూ ఖాళీగా కూర్చున్నాయేమోనని ఒకటే టెన్షన్. ఆ రాత్రి అదనంగా రెండు సీసాలు తాగి పడుకున్నాను. పడుకున్నాను అనడం అతిశయోక్తి. నాలుగో రోజు వెనక్కి జరిపి చూస్తే అసలు విషయం తెలిసింది. ఒంట్లో ఉన్న మూడు లీటర్ల ప్లాస్మానే, అంటే రక్తంలోని ద్రవాన్నే, అవి రోజుకి దాదాపు అరవైసార్లు తిప్పి తిప్పి వడకట్టి, ఇంచుమించు అంతా మళ్లీ రక్తంలోకే తోసేసి, ఏ లీటరున్నరో బయటికి పంపిస్తాయట. వీడియోలో ఆ ముక్క పన్నెండు సెకన్లు ఉంది. ఆ పన్నెండు సెకన్లూ నేను పాలవాడికి తలుపు తీయడానికి వెళ్లాను.

చిన్నపేగు ఆరు మీటర్లుంటుందని మా ఆవిడకి చెబితే "జాకెట్ ముక్కతో కలిపా?" అంది. ఆ కోణం కోర్సులో లేదు.

జ్ఞానం సంపాదించాక దాచుకోకూడదు. తెల్లారగట్ల బీచ్ రోడ్డులో నాతో నడిచే నలుగురికీ పంచడం మొదలుపెట్టాను. వాళ్ల శరీర శాస్త్రం మూడు ముక్కల్లో తేలిపోతుంది: గ్యాస్, వేడి చేయడం, నరాల వీక్‌నెస్. మోకాలు నొప్పా, గ్యాస్. కళ్లమంటా, వేడి చేసింది. మా వీధిలో ఇంతవరకూ గుండెపోటు ఎవరికీ రాలేదు, వచ్చినవన్నీ గ్యాసే. సోడా తాగి పడుకున్నవాళ్లలో ఇద్దరు లేవలేదు గానీ, అదీ గ్యాస్ ఎక్కువవ్వడం వల్లేనని తీర్మానించుకున్నారు. పెద్దమనుషులకి 206 ఎముకల గురించి చెప్పబోతే, కాల్షియం మాత్ర ఏ కంపెనీది మంచిదని అడిగారు.

దాంతో శ్రోతల్ని మార్చాను. ఆదివారం పెదజాలారిపేట దగ్గర పండుగప్ప కొనడానికి వెళ్లి, చేపలమ్మ కత్తిపీట ముందు కూర్చోగానే గుండె గురించి అందుకున్నాను. రక్తం ఒళ్లంతా చుట్టి మళ్లీ గుండెకే వస్తుందని 1628లో హార్వే అనే ఆయన పుస్తకం వేశాడని, అందుకోసం పాముల్నీ చేపల్నీ కోసి చూశాడని చెప్పాను. (పాపం, ఆయనకి ఒకటిన్నర స్పీడు లేదు.) మనిషి గుండెకి నాలుగు గదులు, చేప గుండెకి రెండే అని చెబుతూ, కోసిన కడుపులో వేలుపెట్టి గుండె చూపించబోయాను. ఎంత వెతికినా దొరకలేదు.

"ఏటి బాబూ, గుండెకాయ కడుపులో ఎతుకుతన్నావేటి? మొప్పల కింద కదా ఉంటాది" అని బొటనవేలితో మొప్ప ఎత్తి, చింతగింజంత ఎర్రటి ముక్కని బయటికి లాగి నా అరచేతిలో పెట్టింది. తర్వాత పచ్చగా మెరుస్తున్న చిన్న తిత్తిని గోటితో చిట్లకుండా తీసి అవతల పారేసింది. "ఇది సేదు. పగిలిందంటే సేప మొత్తం పారెయ్యాలి." పిత్తాశయం! నా కోర్సులో దానికి రెండు నిమిషాలిచ్చారు, చివరి పరీక్షలో రెండు మార్కులొచ్చాయి. పగిలితే ఏమవుతుందో ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రమే ఎడమవైపు డొక్కలో కలుక్కుమంది. నాకు వెంటనే అర్థమైపోయింది. లివర్. అనుమానం రాకూడదని అద్దం ముందు చొక్కా విప్పి నిలబడి, ఫోన్లో బొమ్మ పక్కన పెట్టుకుని చూసుకున్నాను. తెర మీద లివర్ ఎడమపక్క ఉంది. అద్దంలో నా నొప్పి కూడా ఎడమపక్కే ఉంది. ఇంతకంటే రుజువేం కావాలి? "కోడి లివరైతే నేను చూడకుండా చెప్పగలను గానీ, మీది డాక్టరుకి చూపించండి" అంది మా ఆవిడ.

మహారాణిపేటలో ఒక పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన బల్ల మీద పడుకోబెట్టి కుడివైపు పక్కటెముకల కింద నొక్కుతున్నారు. మర్యాదగా సరిదిద్దాను.

"డాక్టరుగారూ, లివర్ ఇటు."

"ఎవరిది?" అన్నారు.

కోర్సు సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు, అదే బాధ. "లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇవ్వండి" అన్నారు. ఇచ్చాను. "ఇది మీ కుడి చెయ్యి. నాకు ఎటుపక్క కనిపిస్తోంది? ఎడమపక్క. బొమ్మలో మనిషి కూడా ఇలాగే మీకు ఎదురుగా నిలబడి ఉంటాడండీ. మీకు ఎడమైతే వాడికి కుడి." లివర్లో చాలా భాగం కుడివైపే ఉంటుందట. తర్వాత నొప్పి ఉన్నచోట నొక్కి, నేను "అమ్మా" అన్నాక, ఈమధ్య ఎలా కూర్చుంటున్నారని అడిగారు. ఆరు వారాలుగా సోఫాలో ఎడమపక్కకి ఒరిగి ఫోన్ చూస్తున్నానని చెప్పాను. కండరం పట్టేసిందని పూతమందు రాసిచ్చారు.

సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను. ఎదురుగా ఉన్న మనిషికి ఎడమవైపు వచ్చేలా పెట్టాలో, నాకు ఎడమవైపు వచ్చేలా పెట్టాలో తేలక రెండు మేకులు కొట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు మెదడు మీద నాలుగు వారాల కోర్సులో చేరాను. మొదటి వీడియోలోనే మాస్టారు, మెదడులో ఎడమ సగం మన కుడి చేతిని కదిలిస్తుంది, కుడి సగం ఎడమ చేతిని కదిలిస్తుంది అన్నారు. అక్కడే ఆపేశాను. రెండో వీడియో ఇంకా తెరవలేదు.