పోర్షే కరేరా జీటీ గారూ, మీ క్లచ్‌కి ఒక దండం!

గౌరవనీయులైన కరేరా జీటీ గారికి,

మీ అభిమాని రాస్తున్న ఉత్తరం. ముందే చెప్పేస్తున్నాను, నేను మీ ఓనర్ని కాదు, అయ్యే సూచనలు కూడా కనుచూపు మేరలో లేవు, మీ వెనక టైరు ఒక్కటి కొనాలన్నా ఇంట్లో పెద్ద చర్చే పెట్టాలి. అందుకే ఇంత ధైర్యంగా రాయగలుగుతున్నాను. మీ ఓనర్లు మీ గురించి పల్లెత్తు మాట అనరు, అంటే వేలంలో రేటు పడిపోతుందని వాళ్ల బాధ వాళ్లది.

అసలు మీ జాతకమే ఒక వింత. ఫార్ములా 1 కోసం మొదలెట్టిన పది సిలిండర్ల వీ10 ఇంజిన్ మీ పూర్వీకురాలు, అక్కడ దానికి పని దొరకలేదు. తర్వాత దాన్నే పెద్దది చేసి లె మాన్స్ 24 గంటల రేసు కోసం సిద్ధం చేశారు, ఆ ప్రాజెక్టూ 1999లో అటకెక్కింది. రెండు చోట్లా ఉద్యోగం రాని ఆ ఇంజిన్‌ని పారేయడానికి మనసొప్పక, చుట్టూ కార్బన్ ఫైబర్ ఒళ్లు కట్టి, నంబరు ప్లేటు తగిలించి రోడ్డు మీదికి వదిలారు. అదే మీరు. 2000లో పారిస్‌లో మిమ్మల్ని చూపించినప్పుడు ఇది షోకి చేసిన బొమ్మ లే, ఎవరు తయారుచేస్తారు అనుకున్నవాళ్లు బోలెడుమంది. కానీ 2003 నుంచి 2006 దాకా లైప్‌జిగ్ ఫ్యాక్టరీలో నిజంగానే తయారయ్యారు. 1,500 చేస్తామని చెప్పి 1,270 దగ్గర ఆపేశారు. అదే ఫ్యాక్టరీలో, అదే కప్పు కింద, పిల్లల్ని స్కూల్లో దింపడానికి పనికొచ్చే కయెన్ ఎస్‌యూవీలు కూడా బయటికొస్తుండేవి. జనం మిమ్మల్ని చూసి చప్పట్లు కొట్టి, డబ్బులు మాత్రం కయెన్‌కి కట్టి వెళ్లిపోయారు. ఈ అవమానం మీరు ఇప్పటికీ మర్చిపోలేదని నా అనుమానం, లేకపోతే మనుషుల మీద మీకు ఇంత కక్ష ఎందుకు?

కక్ష అంటే కోపం రావచ్చు, క్లచ్ అనే చదువుకోండి. 169 మిల్లీమీటర్లు, జానెడు కూడా లేదు. అంత చిన్నది ఎందుకు పెట్టారో తెలుసు, క్లచ్ చిన్నదైతే ఇంజిన్‌ని నేలకి ఇంకా దగ్గరగా దించొచ్చు, కారు బరువు కిందకి దిగుతుంది, మలుపుల్లో నిలకడ వస్తుంది. సిరామిక్ పదార్థం కాబట్టి తేలిక, అందుకే ఇంజిన్ తిరిగే వేగం చిటికేస్తే పైకి లేస్తుంది, అంతే త్వరగా పడిపోతుంది. అంతా బాగానే ఉంది. కానీ బండి కదిలేటప్పుడు ఇంజిన్ ఆగిపోకుండా కాపు కాసేది ఆ తిరిగే బరువే కదా, దాన్నే తీసేశారు. దాంతో ఏమైందంటే, 612 హార్స్‌పవర్ ఉన్న కారు, గంటకి 330 కిలోమీటర్లు పోయే కారు, సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడగానే టప్‌మని ఆఫ్ అయిపోతుంది. వెనక ఉన్న డొక్కు వ్యాను వాడు హారన్ కొడతాడు. ఓనరు చెవులు ఎర్రబడతాయి. మళ్లీ స్టార్ట్ చేస్తాడు, ఈసారి పరువు కోసం కాస్త గట్టిగా రేజ్ ఇస్తాడు, మీరు కొత్త అల్లుడిలా ఇంకా అలుగుతారు, క్లచ్ కాలిన వాసనా వస్తుంది, దాని బిల్లూ వస్తుంది.

మిమ్మల్ని కదిలించే పద్ధతి తెలిసినవాళ్లు చెప్పేది వింటే నవ్వొస్తుంది. యాక్సిలరేటర్ అసలు ముట్టుకోకూడదట. క్లచ్ మాత్రం మెల్లగా వదలాలట, ఇంజిన్ ఆగిపోబోతోందని మీ లోపలి కంప్యూటరే పసిగట్టి కాస్త పెట్రోలు పోసి బండిని కదిలిస్తుందట, పూర్తిగా కదిలాకే మనం కాలు పెట్టాలట. మరి మేమంతా మిమ్మల్ని అనలాగ్ కారు, కంప్యూటర్ల జోక్యం లేని చివరి కారు అని నెత్తిన పెట్టుకుంటున్నాం కదండీ! గంటకి రెండొందల కిలోమీటర్ల వేగంలో మీకు ఎవరి సాయమూ అక్కర్లేదు, పార్కింగ్‌లోంచి బయటికి రావడానికి మాత్రం కంప్యూటర్ చెయ్యి పట్టుకోవాలి. పౌరుషం ఎక్కడ చూపించాలో మీకు బాగా తెలుసు.

సరే, మీ కాలంలో మీ పక్కన ఉన్నవాళ్లని చూద్దాం. ఫెరారీ ఎంజో స్టీరింగ్ వెనక మీటలు పెట్టి గేర్లు మార్చే పని మెషీన్‌కి అప్పజెప్పింది. మెర్సిడెస్ ఎస్‌ఎల్‌ఆర్ మెక్‌లారెన్ అయితే ఏకంగా ఆటోమేటిక్. మీరు ఒక్కరే మూడు పెడళ్లు, ఆరు గేర్లు, స్టీరింగ్‌కి దగ్గరగా ఎత్తులో ఒక గేరు రాడ్డు, దాని మీద చెక్క గుండు. ఆ చెక్క గుండు మీ తాతగారు, రేసు కారు పోర్షే 917 జ్ఞాపకం, ఆయనకి బరువు తగ్గించడానికి తేలికపాటి బాల్సా చెక్కతో చేశారు. మీకు మాత్రం వంశ గౌరవం కోసం పెట్టారు. ఏబీఎస్ ఇచ్చారు, చక్రాలు ఊరికే తిరగకుండా ట్రాక్షన్ కంట్రోల్ ఇచ్చారు. కారు పక్కకి జారుతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టే స్టెబిలిటీ కంట్రోల్ మాత్రం ఇవ్వలేదు. ఇదే మామూలు కారులో లేకపోతే కంపెనీని తిట్టిపోస్తాం. మీలో లేకపోతే అది స్వచ్ఛత. మీ అభిమానుల్లో ఇదొక జబ్బు, నాకూ ఉంది.

ఎందుకు ఉందో దాచడం ఎందుకు, చెప్తాను. ఎనిమిది వేల ఆర్‌పీఎం దాటాక మీ వీ10 వేసే కేక ఒక్కసారి విన్నవాడికి మిగతా కార్ల శబ్దం ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టే ఉంటుంది. 1,380 కిలోలు, అంతే మీ బరువు, ఈ రోజుల్లో చాలా ఫ్యామిలీ కార్లు అంతకంటే ఎక్కువ తూగుతాయి. స్టీరింగ్‌లో రోడ్డు మీది ప్రతి గీతా చేతికి తెలుస్తుందని నడిపినవాళ్లందరూ ఒకే మాట చెప్తారు. ఇవాళ్టి సూపర్‌కార్లలో ఎవడు కూర్చున్నా రేసర్ అనిపించుకుంటాడు, తప్పు వాడు చేస్తే దిద్దుబాటు కారు చేస్తుంది, మెప్పు మళ్లీ వాడికే. మీ దగ్గర ఆ పప్పులుడకవు. సాఫీగా ఒక గేరు పడితే అది నిజంగా వాడు వేసిందే. ఈ ఒక్క ముక్క కోసం మిగతా బాధలన్నీ భరించేవాళ్లున్నారు, నాకు వాళ్ల మీద అసూయ కూడా ఉంది.

కానీ మలుపుల్లో మీ ప్రవర్తన గురించి మాట్లాడాలి. మామూలు మనిషి మలుపు మధ్యలో కాస్త వేగం ఎక్కువైందని అనిపిస్తే ఏం చేస్తాడు? కంగారుపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి అది. మీ దగ్గర అదే నేరం. కాలు తీయగానే బరువు ముందు చక్రాల మీదికి పోతుంది, వెనక టైర్లు తేలికపడి పట్టు వదులుతాయి. పైగా ఇంజిన్ కారు మధ్యలో ఉంది, బరువంతా నడుం దగ్గరే ఉంది, కాబట్టి మీరు మలుపులోకి ఎంత చురుగ్గా తిరుగుతారో బొంగరంలా తిరగడం కూడా అంతే చురుగ్గా మొదలెడతారు. వెనక భాగం జారిందని మెదడుకి తెలిసి, స్టీరింగ్ ఎదురు తిప్పాలని చేతులకి కబురు అందేలోపు మీరు వచ్చిన దారి వైపే చూస్తూ నిలబడి ఉంటారు. ఒకవేళ సరిగ్గా పట్టుకున్నా కథ అయిపోదు, టైర్లు మళ్లీ పట్టు దొరకబుచ్చుకునే క్షణానికి స్టీరింగ్‌ని వెనక్కి తెచ్చేయాలి, ఆలస్యమైతే ఇంకో పక్కకి విసిరేస్తారు.

ఇది చేతకానివాళ్ల ఏడుపు అని తీసిపారేయకండి. మిమ్మల్ని తీర్చిదిద్దినవాళ్లలో వాల్టర్ రోర్ల్ ఉన్నారు, 1980లోనూ 1982లోనూ ప్రపంచ ర్యాలీ ఛాంపియన్, బురదలో, మంచులో కార్లని ఆడించిన మనిషి. అలాంటివాడు ఓకే అన్నదాన్ని, బ్యాంకు బ్యాలెన్సు తప్ప వేరే అర్హత అడక్కుండా అమ్మారు. 2005లో అమెరికాలోని టల్లడేగా ట్రాక్ మీద టీవీ వ్యాఖ్యాత జే లెనోని కూడా గిర్రున తిప్పేశారు, గ్యారేజీ నిండా కార్లున్న మనిషి, ఆయనకేం కాలేదు, గోడకి తగల్లేదు. ఆయన అదృష్టం, మీ దయ కాదు.

ఇక్కడ కాసేపు వ్యంగ్యం పక్కన పెడతాను. 2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో మీలో ఒకటి చెట్టుకి గుద్దుకుని కాలిపోయింది, అందులో నటుడు పాల్ వాకర్, నడుపుతున్న ఆయన స్నేహితుడు ఇద్దరూ చనిపోయారు. గంటకి 72 కిలోమీటర్లు దాటకూడని రోడ్డు మీద కారు దానికి దాదాపు రెట్టింపు వేగంలో ఉందని, మితిమీరిన వేగమే కారణమని దర్యాప్తు తేల్చింది. దాంతోపాటు ఇంకో సంగతి కూడా బయటపడింది, టైర్లు తొమ్మిదేళ్ల పాతవి. నా ఫిర్యాదంతా ఈ సంగతి చుట్టూనే ఉంది.

రబ్బరు తిరక్కపోయినా ముసలిదవుతుంది. గాలి తగిలి, వేడికి, ఏళ్లు గడిచి గట్టిపడుతుంది, పైన గాడులు కొత్తవాటిలాగే నిగనిగలాడుతుంటాయి కాబట్టి కంటికి కనిపించదు, పట్టు మాత్రం పోయుంటుంది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం, అది చూస్తే వయసు తెలిసిపోతుంది. ఇప్పుడు మీ పెళ్లి సంబంధాల మార్కెట్ చూడండి. తక్కువ తిరిగిన కరేరా జీటీకి ఎక్కువ ధర, పది లక్షల డాలర్లు ఎప్పుడో దాటేశారు. అసలు టైర్లు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే ఉన్నాయంటే కొనేవాడు ఇంకా మురిసిపోతాడు! అంటే ఎంత కదలకుండా దుప్పటి కింద పడుకుంటే అంత విలువ, ఎంత విలువ పెరిగితే అంత ప్రమాదం. ఇరవై ఏళ్లుగా రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగని కారుని, అదే ఇరవై ఏళ్లుగా మూడో పెడల్ మర్చిపోయిన కాలు, ఒక ఆదివారం పొద్దున చల్లటి రోడ్డు మీదికి తీసుకొస్తే ఏమవుతుందో వేలం వేసేవాడు కేటలాగులో రాయడు.

మీరు నిజంగా ఎంత గడుసువారో, అందులో మీ రబ్బరు వాటా ఎంతో 2024లో తేలిపోయింది. మిషెలిన్ మీ కోసమే కొత్తగా చేసిన టైర్లు వేసుకుని, రేసర్ జోర్గ్ బెర్గ్‌మైస్టర్ చేతుల్లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ ఒక చుట్టు 7 నిమిషాల 12 సెకన్లలో తిరిగొచ్చారు. ఇరవై ఏళ్ల కిందట రోర్ల్ చేతుల్లో 7 నిమిషాల 28 సెకన్లు పట్టింది. అదే ఇంజిన్, అదే క్లచ్, మారింది ముఖ్యంగా టైర్లు. ఇన్నేళ్లూ మీ స్వభావం, మీ ఆత్మ, మీ సింహగర్జన అంటూ మేం పేజీలకి పేజీలు రాసుకున్నదాంట్లో సగం మీ పాత రబ్బరు చలవే అన్నమాట. ఈ విషయం మీరు ముందే చెప్పి ఉంటే మాకు కొంత కవిత్వం మిగిలేది.

మీ ఓనర్ల సంగతి ఇంకా ముచ్చట. 2023లో సస్పెన్షన్ జాయింట్లు విరిగే అవకాశముందని పోర్షే రీకాల్ ప్రకటించి, రిపేరు అయ్యేదాకా నడపొద్దని అమెరికాలోని 489 కార్ల ఓనర్లకి కబురు పెట్టింది. చాలామంది ఇళ్లలో ఆ కబురు వల్ల ఏ మార్పూ రాలేదనుకుంటా. అసలే నడపనివాడిని నడపొద్దంటే ఎంత బుద్ధిగా పాటిస్తాడు!

తప్పంతా వాళ్లదే అనను. కుర్చీలో కూర్చుని మీ వీడియోలు చూస్తూ, మీ వారసుడు 918 స్పైడర్ హైబ్రిడ్ మోటార్లతో నాలుగు చక్రాల పట్టుతో నూర్‌బర్గ్‌రింగ్‌ని ఏడు నిమిషాల లోపు తిరిగితే "అందులో మజా లేదండీ, కంప్యూటర్ నడుపుతుంది" అని పెదవి విరిచేది మేమే. ట్రాఫిక్‌లో క్లచ్ నొక్కి నొక్కి కాలు నొప్పి పుడుతోందని ఆటోమేటిక్ కొన్నదీ మేమే.

కాబట్టి మీకు నా విన్నపాలు చిన్నవి. మిమ్మల్ని పెట్టుబడిగా కొన్నవాడి దగ్గర కూడా వారానికోసారి బయటికి తీసుకెళ్లమని మారాం చేయండి, బ్యాటరీ దింపేసి బెదిరించండి, మీకు అలవాటైన పనే. టైరు మీద తేదీ పాతబడితే స్టార్ట్ అవ్వకండి. సిగ్నల్ దగ్గర ఆఫ్ అయిపోతే అవ్వండి, దానికి ఎవరూ చచ్చిపోరు, పరువే పోతుంది, పోనివ్వండి.

ఇట్లు,
ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నీడలో సుఖంగా బతుకుతున్న మీ భక్తుడు

తా.క.: మీతో పాటు అంత శ్రద్ధగా కుట్టించిన తోలు బ్యాగుల సెట్ ఇచ్చారు కదా. పై కప్పు పలకలు రెండూ ఊడదీస్తే పెట్టాల్సింది ఆ ముందు డిక్కీలోనే. మరి ఆకాశం చూస్తూ ఊరెళ్లాలనుకున్నవాడు బట్టలు ఎక్కడ పెట్టుకోవాలో లైప్‌జిగ్‌లో ఎవరినైనా అడిగి చెప్పగలరు.