స్పెషాలిటీ గారికి, పర్లాకిమిడి నుంచి

స్పెషాలిటీ గారికి నమస్కారాలు.

మీ చిరునామా తెలియదు కాబట్టి ఈ ఉత్తరాన్ని నలుగురిలో చదువుతున్నాను. నేనుండేది ఒడిశాలోని పర్లాకిమిడి. పాతపట్నం దాటగానే రాష్ట్రం మారుతుంది, మాట మారదు. బోర్డుల మీద ఒడియా, బజారులో తెలుగు, కొండల్లో సవర. ఇక్కడ కూర్చుని కంపెనీలకూ స్వచ్ఛంద సంస్థలకూ పాఠ్య ప్రణాళికలు, వర్క్‌షీట్లు, టీచర్ల కరదీపికలు రాసి పెడుతుంటాను. ఈ పని చేసేవారిని కరిక్యులమ్ డెవలపర్ అంటారు. ముందు ఫ్రీలాన్స్ అని తగిలిస్తే నెల జీతం లేదని అర్థం.

ఈ వృత్తిలోకి వచ్చినవారికి పెద్దలందరూ చెప్పే మాట ఒకటే: ముందు నీ స్పెషాలిటీ వెతుక్కో. అన్నీ రాస్తాననేవాడికి ఎవరూ ఏదీ ఇవ్వరట. ఒక్కటే రాస్తాననేవాడికి అడిగినంత ఇస్తారట. ఆ ఒక్కటి ఏదో ఎలా తెలుస్తుందని అడిగితే, పని చేయగా చేయగా తెలుస్తుందంటారు. పని ఇచ్చేవారేమో స్పెషాలిటీ చెప్పాకే మాట్లాడదాం అంటారు. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు అన్న సామెతను ఎవరో ముందుచూపుతో మా కోసమే కట్టి ఉంటారు.

పాఠ్య ప్రణాళిక రాసేవాడు వేసుకోవలసిన ప్రశ్నలు నాలుగేనని 1949లో రాల్ఫ్ టైలర్ అనే అమెరికా విద్యావేత్త తేల్చాడు. బడి ఏ లక్ష్యాలు సాధించాలి, అందుకు పిల్లలకు ఏ అనుభవాలు కావాలి, వాటిని ఏ వరసలో పేర్చాలి, సాధించామో లేదో ఎలా చూడాలి. అయిదో ప్రశ్నను మీ తరఫున ఎవరు చేర్చారో గాని, ఇప్పుడు మొదటి ఫోనులో అడిగేది అదే. మిగతా నాలుగూ ఒప్పందం మీద సంతకాలయ్యాక కూడా ఎవరూ అడగరు.

పైగా మీరు ఒకచోట నిలిచే రకం కాదు. 2020లో జాతీయ విద్యావిధానం వచ్చి, వీలైనచోట కనీసం అయిదో తరగతి వరకు మాతృభాషలో బోధించాలంది. మాతృభాషా నిపుణులు మొలిచారు. ఆరో తరగతి నుంచి కోడింగ్ అంది. కోడింగ్ నిపుణులు మొలిచారు. 2021లో నిపుణ్ భారత్ అనే కేంద్ర కార్యక్రమం వచ్చి, మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కలు చేయడం రావాలంది. పునాది నైపుణ్యాల నిపుణులు తయారు. వీళ్లంతా వేరువేరు మనుషులనుకునేరు, చాలావరకు మేమే. ప్రొఫైల్‌లో ఒక వాక్యం మారుస్తాం. పాత వర్క్‌షీట్‌లో "అర్థం చేసుకుంటారు" అన్నది కొట్టేసి "గుర్తిస్తారు, వర్గీకరిస్తారు" అని పెడతాం. అర్థం చేసుకోవడాన్ని కొలవలేమని మా రంగంలో ఆ క్రియకు దాదాపు నిషేధం. (పిల్లలు చాటుమాటుగా అర్థం చేసుకుంటూనే ఉన్నారని వినికిడి.)

నాకు మీరు మొదట దర్శనమిచ్చింది అమెరికా రెండో తరగతి గణితం రూపంలో. అక్కడ అయిదు సెంట్ల నాణెం నికెల్, పది సెంట్లది డైము. విలువలో రెట్టింపైన డైము చూడటానికి నికెల్ కంటే చిన్నది. సైజును నమ్మిన పిల్లవాడు నికెల్‌కే ఎక్కువ విలువ కడతాడు. డైమును కంటితో చూడని నేను ఆ పొరపాటును ఊహించి, దానికి తగిన తప్పు జవాబు తయారుచేసి పంపాను. అవతలివారు మెచ్చుకున్నారు. అప్పటి నుంచి నాకు తప్పు జవాబుల ఆర్డర్లు వస్తున్నాయి.

నవ్వకండి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమనే ప్రశ్నలో ఒప్పు జవాబు ఎవరైనా రాస్తారు, పనితనమంతా మిగిలిన మూడింటిలోనే. నోటికొచ్చిన అంకె పెడితే చెల్లదు. 52లోంచి 38 తీసేస్తే 14. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకెనే తీయాలనుకునే పిల్లకు 26 వస్తుంది, కాబట్టి 26 ఉండి తీరాలి. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకుని, తెచ్చిన సంగతి మరిచేవాడికి 24. (అప్పుల విషయంలో ఇది పిల్లలకే పరిమితమైన లక్షణం కాదు.) గుర్తు చూడకుండా కూడేసేవాడికి 90. ఎవరు దేన్ని గీశారో చూస్తే, ఎవరికి ఏది మళ్లీ చెప్పాలో టీచరుకు తెలిసిపోతుంది. దీన్ని మా మామగారికి వివరించబోయాను. "అయితే తప్పులు రాసినందుకు డబ్బులిస్తారా, నాయనా? మా రోజుల్లో ఉచితంగానే రాసేవాళ్లం" అన్నారు.

అసలు సంగతి ఏమిటంటే, తప్పు జవాబులకు మా ప్రాంతాన్ని మించిన గని లేదు. ఒడియాలో నలభై అయిదును పంచచాళిశ అంటారు, అయిదు ముందు, నలభై తరువాత. ఇంట్లో తెలుగులో పదులు ముందు వినే పిల్ల, బడిలో విన్నది విన్న వరసలో రాస్తే 54 అవుతుంది. స్థానవిలువ రాలేదని ఎర్రసిరా పడుతుంది. ఇక సవర లెక్క చూడండి. అందులో పన్నెండు ఒక మెట్టు, ఇరవై ఇంకో మెట్టు. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడూ. ముప్పై మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. అంత లెక్క నోటి మీద నడిపే బిడ్డకు పది పుల్లల కట్ట ఒకటి చేతికిచ్చి, సంఖ్యాజ్ఞానం ఇక్కడి నుంచి మొదలవుతుందని చెబుతుంది పాఠం. ఒడిశాలో సవరతో సహా గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు వచ్చాయి, ఆ కృషిని తక్కువ చేయను. కాని పుస్తకానికి ఒక భాష చాలు, బెంచీ మీద మూడు కూర్చుంటాయి.

ఇదే నా స్పెషాలిటీ అని ప్రొఫైల్‌లో రాశాను: సరిహద్దు జిల్లాల బహుభాషా తరగతుల గణితం. "చాలా ఆసక్తికరం" అని ఒకరు జవాబిచ్చారు. ఈ రంగంలో ఆ మాట వినిపించిందంటే డబ్బు రాదని అర్థం. ఇంకొకరి జాబితాలో తెలుగు గడిలో ఆంధ్ర, తెలంగాణ ఉన్నాయి, ఒడియా గడిలో ఒడిశా ఉంది. "మీరు ఏ గడి?" అని అడిగారు. రెండు గీతల మధ్య ఖాళీ చూపించాను. మూడోవారు నా ప్రశ్నలోంచి 54ను తీసేయించారు, అలాంటి తప్పు ఎవరూ చేయరట.

స్పెషాలిటీ గారూ, ఈ ఊళ్లో మీ పప్పులు గతంలోనూ ఉడకలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఇక్కడి బడిలో టీచరుగా చేరారు. చరిత్ర చెప్పారు, ముఖలింగం శాసనాలు చదివారు, సవర నేర్చుకుని ఆ పిల్లలకు వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు, వాడుక తెలుగు కోసం పండితులతో తలపడ్డారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఆయన ఇవాళ దరఖాస్తు పెడితే "ప్రొఫైల్‌లో ఒక దిశ లేదు" అని తిప్పి పంపుతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఊరూ ఆయనా ఏ గడిలోకి వస్తారో తేల్చవలసిన ఇబ్బంది ఆనాటి జాబితాలకు తప్పింది.

మీ ఊసెత్తకుండా నన్ను గుర్తించేది ఆదాయపు పన్ను శాఖ ఒక్కటే. కోడింగ్ అయినా కూడికలైనా వారికి వృత్తి సేవలే, 10 శాతం టీడీఎస్.

నిన్న ఒక సంస్థవారు ఫోను చేశారు. ఎనిమిదో తరగతికి ఆర్థిక అక్షరాస్యత మాడ్యూలు కావాలి, మీ స్పెషాలిటీ అదేనా అన్నారు. గడువు శుక్రవారం, సగం ముందే ఇస్తామన్నారు. అదే అన్నాను. పొదుపు, మదుపు పాఠాలకు తప్పు జవాబుల కోసం ఈసారి ఎక్కడా వెతకనక్కరలేదు, మా ఇంటి పాస్‌బుక్కు ఉంది.

ఇట్లు,
ఆర్థిక అక్షరాస్యత నిపుణుడు (శుక్రవారం వరకు),
పర్లాకిమిడి