మార్చే వీల్లేని డిజిటల్ పాఠం

సర్కారు బడి కంప్యూటర్ ల్యాబులో పాత పాఠాల సాఫ్ట్‌వేర్ తెరిచిన కాసేపటికే పిల్లలు మౌస్ వదిలేస్తుంటే, నేరమంతా సెల్‌ఫోన్లదేనని పెద్దలు తేల్చేస్తున్నారు. బొమ్మలు పాతబడ్డాయన్నది మరో మాట. అసలు జబ్బు ఈ రెండూ కాదు, టీచరు మార్చుకునే వీల్లేని పాఠమేనన్నది మా అభిప్రాయం.

క్విజ్‌లో ఉన్నవే ఇరవై ప్రశ్నలు, అవీ ఎప్పుడూ ఒకే వరుసలో వస్తుంటే మూడోసారికి పిల్లలు ప్రశ్న చదవరు. రెండోది, ఒకటోది, నాలుగోది అంటూ జవాబుల చోట్లు వేళ్లకే గుర్తుంటాయి. ఆలోచించి నొక్కినా, అలవాటుగా నొక్కినా అవే చప్పట్లు. 3/4కు 2/3 కలిపి 5/7 అన్న పిల్లకు హారాలను కూడకూడదని చెప్పాల్సిన చోట ‘మళ్లీ ప్రయత్నించు’ అని సాఫ్ట్‌వేర్ ఊరుకుంటుంది. ఆ పిల్ల ఎన్నిసార్లని ప్రయత్నిస్తుంది?

విషయమూ పాతదే. 2014కు ముందు చేసిన సీడీ ఇంకా 23 జిల్లాల పటమే చూపిస్తుంది. నారాయణపేట పిల్లలు అందులో తమ జిల్లాను వెతుక్కోవాల్సిందే.

కదిలే బొమ్మల పాఠాలు చేసే ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో తయారైన పాఠాలకు 2020 డిసెంబరు 31తో అడోబ్ మద్దతు ఆగిపోయింది. వాటిలో కొన్నింటిని ఫ్లాష్ లేకుండానే ఆ ఫైళ్లను నడిపే రఫుల్ అనే ఉచిత ఎమ్యులేటర్‌తో ఆడించవచ్చు. పాతకాలపు 4:3 తెరకు గీసిన వృత్తం వెడల్పు తెరపై సాగి కోడిగుడ్డవుతుంది, అదీ జ్యామితి పాఠంలో! డిస్‌ప్లే స్కేలింగ్ సరిచేస్తే అది కుదురుకుంటుంది. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర ప్రమాణం) కాని ఫాంటుతో రాసిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చిగీతలుగా కనిపిస్తుంది. ఫాంటు ఎక్కిస్తే సరి. ఇంతవరకూ టీచరే చేసుకోగలరు. ప్రోగ్రాంలో బిగించేసిన ప్రశ్నలను మార్చడం మాత్రం ఆయన వల్ల కాదు.

అందుకే ఇకపై కొనే సాఫ్ట్‌వేర్‌లో ప్రశ్నలు విడి ఫైలుగా, ఎక్సెల్‌లో తెరిచి దిద్దుకునేలా, యూనికోడ్ తెలుగులో ఉండాలని టెండర్‌లోనే రాయాలి. తప్పు జవాబు ప్రతిదానికీ అది ఎందుకు తప్పో చెప్పే వాక్యం అందులో ఉండాలి. పాఠం పిల్లల ఊరి సమస్యతోనూ ముడిపడాలి. నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటి నల్లగొండ పేరుతోనే ఉంది. అందులో వాడేవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. పటిక మోతాదు మారుస్తూ ఫ్లోరైడ్‌ను లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపుకు దించే పాఠం ఉంటే అదే జిల్లాలో ఫ్లోరైడ్ బాధ ఎరిగిన మర్రిగూడ పిల్లలు మౌస్ వదలరు. పాత సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సంస్థల దగ్గర మార్పులు చేయడానికి వీలైన అసలు (సోర్సు) ఫైళ్లు ఇంకా ఉంటే, జిల్లా విద్యాధికారులు వచ్చే వేసవి సెలవుల్లోగా అడిగి తీసుకోవాలి.