పది గ్రూపులకు పంపమన్న ఆ చెస్ మెసేజ్ గురించి

బుధవారం నుంచి ఇప్పటికి తొమ్మిది మంది నాకు ఒకే మెసేజ్ పంపారు. "మీ పిల్లవాణ్ణి ఏడాదిలో చెస్ ఛాంపియన్ చేసే 7 రహస్యాలు" అట. బీచ్ రోడ్డులో వాకింగ్‌కి వచ్చేవాళ్లు ముగ్గురు, మా బావగారు, గాజువాక నుంచి ఒక పాత కొలీగ్, మిగతావాళ్లు మా మద్దిలపాలెం అపార్ట్‌మెంట్ వాళ్లే. ఆదివారాలు సెల్లార్‌లో బోర్డులు పరిచి పిల్లలతో కూర్చుంటానని వీళ్లందరికీ తెలుసు. అందుకే కింద "ఎంత బాగా చెప్పారో చూడండి సార్" అని ఓ దండం బొమ్మ కూడా. చూశాను. ఇక ఊరుకోవడం నా వల్ల కాదు.

మొదటి రహస్యం, రోజూ నానబెట్టిన బాదం. తినిపించండి, మంచిదే. దాంతో గుర్రం కొత్త రకంగా గెంతదు.

రెండోది, చెస్ ఆడితే లెక్కల్లో వందకు వంద. మా సెల్లార్‌లో అందరికంటే బాగా ఆడే కుర్రాడు లెక్కలకి ట్యూషన్‌కి పోతున్నాడు.

మూడోది, ఓపెనింగులు, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తులు, ఇరవై దాకా బట్టీ పట్టించమంటుంది. చెరో ఎత్తు వేసేసరికే ఆట 400 రకాలుగా మొదలవ్వచ్చు. ఎదుటివాడు ఆరో ఎత్తులో మన బట్టీలో లేనిది వేశాడంటే, పిల్లవాడు తలెత్తి హాల్ బయట నిలబడ్డ అమ్మ వైపు చూస్తాడు. పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

నాలుగోదే అసలు విషం. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "పాత మాస్టర్ల ఆటలు చదవడం టైం వేస్ట్. ఫోన్‌లో ఇంజిన్ వాళ్లందరికంటే బాగా ఆడుతుంది. అది చెప్పింది నేర్చుకుంటే చాలు. వందల ఆటలు చూసినా రేటింగ్ పెరగనివాళ్లు ఎందరో."

ఇంజిన్ అంటే చెస్ ఆడే ప్రోగ్రాం. అది బాగా ఆడుతుంది, కాదనను. ఆన్సర్ కీలో కూడా అన్నీ కరెక్ట్ జవాబులే ఉంటాయి. కీ కంఠతా పట్టి ఎంసెట్‌లో ర్యాంకు కొట్టినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

1924 న్యూయార్క్ టోర్నమెంట్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకా, మాస్టర్ టార్టకోవర్‌తో ఆడిన ఆట ఉంది. రూక్ ఎండింగ్, అంటే చివర్లో రాజులు, రూకులు, బంట్లే మిగిలిన ఆట. కాపాబ్లాంకా బంటు ఒకటి ఎదుటి రూక్ నోటికి అందేలా ఉంటుంది. పోయిన నెల ఆ పొజిషన్ బోర్డు మీద పెట్టి, పుస్తకంలో తర్వాతి ఎత్తుల మీద మా కరెంటు బిల్లు కప్పి, మీరైతే ఏం వేస్తారని పిల్లల్ని అడిగాను. ఆరుగురిలో ఐదుగురు బంటును కాపాడే దారి వెతికారు. పదేళ్ల పిల్ల ఒకతి "రాజుని ముందుకి నడిపితే?" అంది. మళ్లీ తనే "వద్దులెండి అంకుల్, బంటు పోతుంది, పైగా చెక్" అని వెనక్కి తగ్గింది.

బిల్లు కిందికి జరిపాను. కాపాబ్లాంకా రాజునే నడిపాడు. ఆ పిల్ల చెప్పినట్టే బంటు పోయింది, చెక్ కూడా పడింది. రెండు ఎత్తుల తర్వాత ఇంకో బంటు, అదీ చెక్‌తోనే. రాజు మాత్రం ఆగలేదు. ఆరో వరసకి వెళ్లి తన బంటు పక్కన నిలబడ్డాడు. టార్టకోవర్ నల్ల రాజు మూలన ఇరుక్కున్నాడు. ఆ తర్వాత నల్ల బంట్లు ఒకటొకటిగా రాలిపోయాయి. అదే ఫోన్‌కి ఇచ్చి ఉంటే ఒక ఎత్తు, పక్కన ఎవరు ఎంత ముందున్నారో చెప్పే ఒక అంకె వచ్చేవి. ఆ పిల్ల "వద్దులెండి" అనే అవకాశమే ఉండేది కాదు. ఎందుకు వద్దనుకుందో, ఎక్కడ ఆగిపోయిందో తనకీ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. (పై వారం అదే పిల్ల క్వీన్లు బోర్డు మీద ఉండగానే రాజుని షికారుకి పంపి ఓడిపోయింది. పర్లేదు, అదీ ఒక పాఠమే.)

అమెరికా ప్రపంచ ఛాంపియన్ బాబీ ఫిషర్ సోవియట్ చెస్ పత్రికలు చదవడానికి రష్యన్ నేర్చుకున్నాడు. ఎంత టైం వేస్ట్ మనిషో! 12 ఏళ్ల 7 నెలలకే గ్రాండ్‌మాస్టర్ అయిన గుకేశ్‌ని, ఆ దశ దాకా కోచ్ విష్ణు ప్రసన్న కావాలనే ఇంజిన్‌కి దూరంగా ఉంచాడు. ఆయనకి ఈ మెసేజ్ అందలేదేమో.

ఐదో రహస్యం, ఎండ్‌గేమ్, అంటే కొన్ని పావులే మిగిలిన ఆఖరి దశ, అక్కర్లేదు, ఆట అంతదాకా రాదు. 2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో ప్రపంచ టైటిల్ ఆఖరి ఆట అంతదాకా వచ్చింది మరి. 55వ ఎత్తులో అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ తన రూక్‌ని మార్పిడికి ఎదురు పెట్టాడు. గుకేశ్ రూకులు మార్చేశాడు, వెంటనే బిషప్పుల మార్పిడికీ దిగాడు. ఇక తప్పించుకునే దారి లేదు. మిగిలేది రాజులు, బంట్లు. అందులో తను ఓడిపోతానన్న లెక్క చూసుకునే డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఆరోది, జ్ఞాపకశక్తి పుట్టుకతో రావాలి. మా గాజువాక కొలీగ్‌కి బాగా నచ్చింది ఇదే. "మరేటండీ, అది దేవుడిచ్చిన బుర్ర, మనోళ్లకి రాదు" అని ఫోన్ చేసి మరీ చెప్పాడు. 1973లోనే ఛేజ్, సైమన్ అనే ఇద్దరు అమెరికాలో దీన్ని పరీక్షించి చూశారు. నిజమైన ఆటలోని పొజిషన్‌ని 5 సెకన్లు చూపిస్తే మాస్టర్ చాలా పావుల్ని సరైన గడుల్లో పెట్టేశాడు, కొత్తవాడు నాలుగైదు దగ్గరే ఆగిపోయాడు. అవే పావుల్ని ఇష్టమొచ్చినట్టు చల్లి చూపిస్తే మాస్టర్ పరిస్థితీ కొత్తవాడిలాగే అయింది. దేవుడిచ్చిన బుర్రే అయితే రెండోసారి ఎక్కడికి పోయిందండీ? అతనికి గుర్తున్నవి విడివిడి పావులు కావు, వేల ఆటల్లో చూసి చూసి అలవాటైన గుంపులు.

నాలుగో పాయింట్‌లోని ఆఖరి వాక్యాన్ని, "వందల ఆటలు చూసినా రేటింగ్ పెరగనివాళ్లు ఎందరో" అన్నదాన్ని, దాటేద్దామనుకున్నాను. కానీ అది నిజం. ఆ ఎందరిలో నేనూ ఒకణ్ణి. మూడేళ్లు రోజూ రాత్రి మాస్టర్ల ఆటలు సీరియల్ చూసినట్టు చూశాను. ఎత్తు చూడ్డం, ఆహా అనుకోవడం, పేజీ తిప్పడం. రేటింగ్ అంగుళం కదల్లేదు. కరెంటు బిల్లు కప్పడం మొదలుపెట్టాక ఒక్కో ఆటకి రెండు గంటలు పట్టేది, సగం ఊహలు తప్పేవి, చిరాకొచ్చేది. కదలిక వచ్చింది అప్పుడే. కాబట్టి ఆటలు ఊరికే తిప్పేసేవాళ్ల విషయంలో మెసేజ్ రాసినవాడిది కరెక్టే. ఆ ఒక్క వాక్యానికి.

ఏడో రహస్యం, ఈ మెసేజ్‌ని పది గ్రూపులకు పంపడం. నాకు తొమ్మిది వచ్చాయి. పదోది మీ ఫోన్‌లో ఉంటే అక్కడే ఉండనివ్వండి.