హగరి ఒడ్డున మూడేళ్ల కాపలా

అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో ఒక వింత కనిపిస్తుంది. ఒకపక్క తుంగభద్ర ఎగువ కాలువ కింద పచ్చటి వరి మళ్లు. కాస్త దూరం పోతే వేదవతి ఒడ్డున, రాజస్థాన్ వచ్చామా అనిపించే ఇసుక దిబ్బలు. వేదవతిని అక్కడివాళ్లు హగరి అంటారు. ఏడాదిలో చాలాకాలం ఎండి ఉండే ఆ ఏటి ఇసుకను ఆషాఢం గాలి ఎత్తి చేలల్లో పోస్తుంది. మొలక పూడిపోతుంది, గట్టు ఆనవాలు పోతుంది. ట్రాక్టరు పెట్టి తోడించినా, మళ్లీ గాలికాలం వస్తే కథ మొదటికే.

దీన్ని తలరాత అని వదిలేయనక్కర్లేదు. ఇసుక రేణువుల్లో ఎక్కువ భాగం నేలను అంటిపెట్టుకుని, మోకాలి ఎత్తులోపే గెంతుతూ దొర్లుతూ పోతాయి. గాలికి ఎదురుగా మోకాలెత్తు కంప వరుసలుగా పాతితే చాలు, గాలి వేగం తగ్గి ఇసుక కంప మొదట్లోనే కూలబడుతుంది. జోధ్‌పూర్‌లోని ఎడారి నేలల పరిశోధన సంస్థ కాజ్రీ శాస్త్రవేత్తలు థార్‌లో దశాబ్దాలుగా చేయిస్తున్నది ఇదే. ముందు పశువులు రాకుండా కంచె, తర్వాత కంప వరుసలు, వాన పడగానే వాటి మధ్య గడ్డి, చెట్లు. చైనాలో షాపోటౌ దగ్గర రైలు మార్గాన్ని 1950ల నుంచి మీటరు గడులుగా పాతిన ఎండుగడ్డితోనే కాపాడుకొస్తున్నారు. పశువుల మేతకే వెతుక్కునే అనంతలో వరిగడ్డి పాతమంటే ఎవరూ ఒప్పుకోరు. కంది కట్టె ఉంది, సర్కారు తుమ్మ కంప కావలసినంత ఉంది. కొట్టి పాతడానికే సుమా, నాటడానికి కాదు! అది పొలంలో దూరితే ఇసుకే నయమనిపిస్తుంది.

అసలు చిక్కు నాటాక మొదలవుతుంది. గుంతలకు బిల్లు ఉంటుంది, మొక్కలకు బిల్లు ఉంటుంది. మూడో ఎండాకాలానికి ఎన్ని బతికాయని అడిగేవారే అరుదు. మేకలు తినేశాయని కాపరుల మీదకు నెట్టేస్తే సరిపోదు. కాపలా కూలి వాళ్లకే ఇవ్వాలి. దిబ్బ మీది గడ్డి కోసుకుపోవచ్చు, మందను మాత్రం తోలకూడదన్న కట్టుబాటు ఊళ్లోనే పెట్టుకోవాలి.

2030 నాటికి 2.6 కోట్ల హెక్టార్ల పాడునేలను బాగుచేస్తామని భారత్ 2019లో ప్రపంచానికి మాటిచ్చింది. ఆ లెక్కలో హగరి ఒడ్డు ఒక చిన్న చుక్క. వచ్చే ఆషాఢం గాలికి అడ్డం నిలవాలంటే ఈ ఎండల్లోనే కంప పాతాలి. అంచనా వేసే అధికారులు మూడేళ్ల కాపలా కూలిని కూడా అందులోనే రాయాలి.