జ్ఞానస్నానం చెల్లుతుంది, తేడా అంతా ప్రభువు బల్ల దగ్గరే

ఆర్సీఎం వాళ్లు, అంటే రోమన్ కాథలిక్కులు, మిగతా చర్చిల వాళ్లని అసలు క్రైస్తవులుగానే చూడరని మన దగ్గర ఒక మాట ఉంది. అది తప్పు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లోనో లూథరన్ చర్చిలోనో, అంటే ప్రొటెస్టెంట్ చర్చిల్లో, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నీళ్లతో బాప్తిస్మం తీసుకున్న మనిషి తర్వాత కాథలిక్కుల్లో చేరితే మళ్లీ జ్ఞానస్నానం (బాప్తిస్మానికి కాథలిక్కుల మాట) ఇవ్వరు, మొదటిదే చెల్లుతుంది. అదే చంటిబిడ్డగా ఆర్సీఎంలో జ్ఞానస్నానం పొందినవాళ్లు పెంతెకోస్తు సంఘానికి వెళ్తే సాధారణంగా మళ్లీ ముంచుతారు. మరి ఎవరు ఎవర్ని గుర్తించనట్టు?

ముందు నుంచీ ఇంత మెత్తగా ఉన్నారని కాదు. 1928లో పదకొండో పయస్ పోపు ఐక్యత సభల వైపు కాథలిక్కులు వెళ్లొద్దన్నాడు, విడిపోయినవాళ్లు తిరిగి రావడం ఒక్కటే దారి అన్నాడు. 1964లో రెండో వాటికన్ మహాసభ టోన్ మార్చేసింది, వాళ్లు సోదరులే, వాళ్ల సంఘాల్ని కూడా పరిశుద్ధాత్మ రక్షణకి వాడుకుంటున్నాడు, చీలికలో తప్పు రెండు వైపులా ఉంది అని రాసుకుంది.

అయితే మనుషుల్ని ఒప్పుకోవడం వేరు, వాళ్ల సంఘాన్ని ఒప్పుకోవడం వేరు. 2000లో వాటికన్‌లో సిద్ధాంతాల్ని చూసే కార్డినల్ రట్జింగర్ ఆఫీసు నుంచి వచ్చిన డాక్యుమెంట్ ఇదే గట్టిగా చెప్పి చాలామందిని నొప్పించింది. అపొస్తలుల నుంచి తెగకుండా వచ్చిన బిషప్పుల వరస, దాంతోపాటు చెల్లుబాటయ్యే దివ్యసత్ప్రసాదం (ప్రభువు బల్ల దగ్గర తీసుకునే రొట్టె, ద్రాక్షారసం) ఉంటేనే పూర్తి అర్థంలో చర్చి. ఆర్థడాక్స్ వాళ్లకి రెండూ ఉన్నాయి కాబట్టి ఓకే, ప్రొటెస్టెంట్లకి లేవు. సీఎస్ఐకి బిషప్పులు ఉన్నారు కదా అంటారా? 1947లో సీఎస్ఐ ఏర్పడినప్పుడు ఆ వరస ఆంగ్లికన్ల (ఇంగ్లండ్ చర్చి వాళ్ల) నుంచి వచ్చింది, ఆంగ్లికన్ల గురువుల, బిషప్పుల అభిషేకాలు చెల్లవని రోమ్ 1896లోనే తేల్చేసింది. మెదక్ కెథడ్రల్ ఎంత పెద్దదైనా ఈ లెక్క మారదు.

ఈ లాజిక్ వరకూ నాకు పేచీ లేదు, నమ్మనిది నమ్మినట్టు నటించడం కంటే నయం. నాకు మింగుడుపడనిది పెళ్లి దగ్గర. బిషప్ పర్మిషన్‌తో కాథలిక్ అమ్మాయి, లూథరన్ అబ్బాయి పెళ్లి చేసుకుంటే, ఇద్దరికీ జ్ఞానస్నానం ఉంది కాబట్టి ఆ పెళ్లి కూడా జ్ఞానస్నానంలాగే ఒక పవిత్ర సంస్కారమే (సాక్రమెంట్) అంటారు, కానీ మామూలు ఆదివారం పూజలో ఆమె సత్ప్రసాదం తీసుకుంటుంటే అతను బెంచీలో కూర్చోవాలి, ప్రాణం మీదకి వస్తేనో, బిషప్ తీవ్రమైన అవసరం అనుకుంటేనో తప్ప. 2015లో రోమ్‌లోని లూథరన్ చర్చిలో ఒకావిడ సరిగ్గా ఇదే అడిగితే పోప్ ఫ్రాన్సిస్ ప్రభువుతో మాట్లాడుకుని ముందుకు సాగమన్నాడే గానీ ఔనూ అనలేదు, కాదూ అనలేదు. 2018లో ఇలాంటి జంటల కోసం జర్మన్ బిషప్పులు గైడ్‌లైన్స్ రాస్తే, ఇంకా పబ్లిష్ చేసే దశకి రాలేదని వాటికన్ ఆపింది. పెళ్లిని సంస్కారంగా ఒప్పుకున్నాక ఈ జంటకైనా దారి ఇవ్వాలి, బిషప్పుల వరస మీద డిబేట్ తెగేదాకా వాళ్లని ఆపడంలో నాకు న్యాయం కనిపించట్లేదు.