రాయనని మొరాయిస్తున్న జెల్ పెన్ను సామికి

తిరుపతి.

మహారాజశ్రీ జెల్ పెన్ను సామీ,

మా ఊళ్లో ఎవరినైనా సామీ అనే పిలుస్తాం, నీకు మాత్రం లోటెందుకు? ఇక్కడ అందరం క్షేమం. నీ సంగతే అంతుబట్టడం లేదు. రిఫిల్‌లో ముప్పాతిక వంతు ఇంకు కనబడతా ఉంటుంది, కాగితం మీద ఒట్టి గీరుడే. పిలిచి, ఆకు వేసి, వడ్డించని పెళ్లివారి మర్యాద నీది.

1984లో జపాన్ సకురా కంపెనీ నిన్ను తెచ్చినప్పటి నుంచీ నీ గుణం ఒకటే. కదలకుంటే బంకలా బిగుసుకుంటావు, మొనలో బాల్ దొర్లితేనే పలచబడి దిగుతావు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయ్యాక ఫారాల్లో ‘చిత్తూరు’ కొట్టేసి ‘తిరుపతి’ రాసే పని మాకు ఎక్కువైంది. కొట్టేసేటప్పుడు బ్రహ్మాండంగా పడతావు. రాయబోతే ఆగిపోతావు.

నీ రోగాల్లో పెద్దది గాలి. బస్టాండులో స్తంభానికి ఫారం ఆనించి, నీ మొన పైకెత్తి రాస్తాం. ఇంకు వెనక్కి జారి, బాల్ పక్క నుంచి గాలి దూరుతుంది. రిఫిల్ తీసి వెలుతురుకు పెడితే ఇంకుకూ మొనకూ నడుమ గోరంత ఖాళీ తెలుస్తుంది. అప్పుడు క్యాపు బిగించి, మొన కిందికుండేలా నిన్ను సాక్సులోకి దించి, పైన ముడేసి, 20 చుట్లు గిరగిరా తిప్పాలి. ఉతికిన సాక్సయితే నీ అదృష్టం. మొన బయటివైపే ఉండాలి. లోపల తిరగబడితే ఇంకు వెనకున్న జిడ్డును తోసుకుని పెన్నంతా పులుముకుంటుంది. ఆ జిడ్డును పాడైన ఇంకనుకుని పుల్లతో తోడేసే మేధావులూ ఉన్నారు. ఇంకు ఆరకుండా, వెనక్కి కారకుండా కాపలా కాసేది అదే మరి.

ఖాళీ లేకున్నా రాయలేదంటే, క్యాపు పెట్టక మొన దగ్గర ఎండావన్నమాట. నీది నీళ్ల ఇంకు గనక మొన ఒక్కటే గోరువెచ్చని నీళ్లలో నిమిషం ముంచి, టిష్యూతో ఒత్తి, రబ్బరు మీద సున్నాలు చుడితే దారికొస్తావు. బాల్ పెన్నుకు చేసే అగ్గిపుల్ల వైద్యం నీకు చేస్తే, ఉన్న తడి కాస్తా ఆవిరై, గొట్టం కూడా మెత్తబడుతుంది.

లడ్డూ విషయంలో మాత్రం నీ తప్పేమీ లేదు. నేతి చేత్తో ముట్టిన కాగితానికి నీళ్ల ఇంకు అంటదు, బాల్ దొర్లకుండా జారుతుంది. మొన తుడిచి వేరే కాగితం మీద నాలుగు గీతలు గీస్తే మళ్లీ వస్తావు. కానీ ఆ మరక సరిగ్గా సంతకం చోటే ఉంటుందే! తిట్లు నీకే.

కొత్త రిఫిల్ మొనకు మైనపు బొట్టు ఉంటే అది గిల్లకుండానే డూప్లికేట్ సరుకని అంగడాయన మీదికి పోయేవాళ్లను నువ్వే క్షమించు.

గచ్చు మీద మొన కిందికి పడ్డావా, ఇక వైద్యం లేదు. టంగ్‌స్టన్ కార్బైడ్ బాల్ గట్టిదే, దాన్ని పట్టుకున్న లోహపు అంచే వంగుతుంది. కొత్త రిఫిల్ కొనాల్సిందే. పొడవు తేడా వస్తే పెన్ను మూసుకోదని పాతదాన్ని అంగడిదాకా పట్టుకుపోయి పక్కపక్కన పెట్టి కొలుస్తాం. మీ ఇద్దరూ కలిసేది ఆ ఒక్కసారే.

ఇట్లు,
నీ క్యాపు పోగొట్టినవాళ్లం.